డ్యామేజీ బండి బేరం

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా బాసగూడ దాకా తిరిగే జీపులు, బొలేరోలు చాలా మటుకు చేతులు మారి వచ్చినవే. షోరూం బండి కొనగలిగే వాళ్లు మా వైపు తక్కువ. అందుకే ఆవపల్లిలో మా బావ రిపేరు షెడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఈ మధ్య ఆయన దగ్గరికి కొత్త రకం కుర్రాళ్లు వస్తున్నారు. యాక్సిడెంట్ అయిన బండి వేలంలో చవగ్గా కొని, బాగుచేసి అమ్మితే ఎంత మిగులుతుందని అడుగుతున్నారు. ఫోన్లో వీడియోలు చూసి లెక్కలు కట్టుకుని మరీ వస్తున్నారు.

ఆ లెక్క నేనూ కట్టి చూశాను. ఉదాహరణకి ఒక బొలేరో తీసుకుందాం. ముందుభాగం దెబ్బతిన్న బండి 1,40,000కి దొరికిందనుకోండి. లారీ మీద వేసి తేవడానికి 15,000. రేడియేటర్, బానెట్, ఫెండర్లు, లైట్లు, అద్దం, సస్పెన్షన్ సామాను కలిపి 90,000. టింకరింగ్, పెయింటింగ్ 60,000. ఎన్‌ఓసీ, పేరు మార్పు, ఇన్సూరెన్స్ 25,000. మొత్తం 3,30,000 అయింది. దెబ్బ తగలని అదే మోడల్ నాలుగు లక్షలు పలుకుతుంటే 70,000 మిగిలినట్టే. అయితే కొనేవాడికి జరిగింది జరిగినట్టు చెబితే 3,40,000కి మించి ఇవ్వడు. అప్పుడు మిగిలేది 10,000. మిగతా 60,000 చెప్పకపోవడం వల్ల వచ్చేవి.

అంకెలు ఊరిని బట్టి, బండిని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఎన్నిసార్లు మార్చి వేసినా నాకు తేలింది ఒకటే. నిజం చెప్పి అమ్మితే ఈ పనిలో దక్కేది కూలి. టింకరింగ్ కింద రాసిన 60,000 పనిమంతుడి చేతికి వస్తుంది, దాంతో ఇల్లు గడుస్తుంది. ఆ మాటకొస్తే గిట్టుబాటే. వ్యాపారంగా చూసి పెట్టుబడి మీద లాభం కావాలనుకుంటే మాత్రం అబద్ధం ఆడాల్సిందే. పైగా బండి ఆంధ్ర నుంచి తెచ్చిందైతే, ఛత్తీస్‌గఢ్‌కి వచ్చి ఏడాది దాటితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి రోడ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు పైన నేను కలపలేదు.

అసలు ఈ బండ్లు వేలానికి ఎలా వస్తాయి? బీమా కంపెనీ ఏటా బండికి ఒక విలువ కడుతుంది, దాన్ని ఐడీవీ అంటారు. కొన్న ఆరు నెలల్లోపు 5 శాతం తరుగు, నాలుగేళ్లు దాటేసరికి 50 శాతం. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద రాసేస్తారు. యజమానికి డబ్బు ముడుతుంది, తుక్కు వేలానికి పోతుంది. పాత బండికి ఐడీవీ తక్కువ కాబట్టి ఓ మోస్తరు దెబ్బకే టోటల్ లాస్ అయిపోతుంది. అలాంటి వాటిలో నిజంగానే బాగుపడేవి ఉంటాయి. మా బావ వెతికేది వాటినే.

ఆయన పని చూడాలంటే రంగు వేసే రోజు కాకుండా కొలత తీసే రోజు వెళ్లాలి. చక్రాలు ఊడదీసి, బండిని నాలుగు స్టాండ్ల మీద మట్టంగా నిలబెడతాడు. ఛాసిస్‌కి ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన రంధ్రాల నుంచి తాపీమేస్త్రీలు వాడే గుండు దారం వేలాడదీస్తాడు. గుండు ఆగిన చోట సిమెంటు నేల మీద సుద్దముక్కతో గుర్తు పెడతాడు. అలా గుర్తులన్నీ పెట్టాక చక్రాలు మళ్లీ బిగించి, బండి పక్కకి తోయించి, నేల మీద ఐమూలగా టేపు పరుస్తాడు. ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఎంతుందో, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి అంతే ఉండాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకుంటాడు. అంతకు మించితే గొలుసు కట్టి జాకీతో లాగుతాడు, మళ్లీ గుండు వేస్తాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రమవుతుంది. "పైకి కొత్తగా కనబడితే చాలదా అన్నా?" అని ఒక కుర్రాడు అడిగితే, "ఐమూల కలవకపోతే ఎంత రంగేసినా బండి ఒక పక్కకే లాగుతది తమ్మీ" అన్నాడు.

బొలేరో, పాత కమాండర్ జీపు లాంటి వాటికి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది కనుక గుండు దారంతో ఈ పని సాగుతుంది. 1983లో వచ్చిన మారుతి 800 నాటి నుంచి మన చిన్న కార్లకి విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. దాన్ని సరిచేయాలంటే బాడీ బిగించి లాగే బెంచి కావాలి, కంపెనీ ఇచ్చే కొలతల పట్టిక కావాలి. ఇక 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. ఒకసారి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్ పనికిరాదు. సంచితోపాటు, గుద్దుకున్నప్పుడు బిగిసే సీటు బెల్టు, కంట్రోల్ యూనిట్ కూడా చాలాసార్లు మార్చాలి. ఆ సామాను ధర చూసి కొందరు డ్యాష్‌బోర్డు కవరు అతికించి, హెచ్చరిక దీపం వెలగకుండా చేసి అమ్మేస్తున్నారు. నా దృష్టిలో ఇది మోసం కంటే పెద్ద నేరం. ఆ సీటులో కూర్చునేవాడు సంచి ఉందన్న నమ్మకంతో కూర్చుంటాడు. మా దారిలో ఒక్కో బండిలో పదేసి మంది ఎక్కుతారు, ఏదైనా జరిగితే జిల్లా ఆసుపత్రికి బీజాపూర్ దాకా వెళ్లాలి.

నీళ్లలో మునిగిన బండి జోలికి మా బావ అసలు పోడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వేల బండ్లు మునిగాయి. ఇలాంటి బండికి సొట్ట ఉండదు, గీత ఉండదు, కడిగితే మెరుస్తుంది. బురదనీరు వైరింగ్ కనెక్టర్లలోకి దూరితే తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. ఒకరోజు పవర్ స్టీరింగ్ పనిచేయదు, ఇంకోరోజు నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతుంది. స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల కింద, కార్పెట్ అడుగున వేలు పెట్టి చూస్తే సన్నటి ఒండ్రు తగులుతుంది. అది తగిలితే ఆ బేరం వదిలేయండి.

ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే విజయవాడ ఆటోనగర్‌లో లారీని చివరి బోల్టు దాకా విప్పి, మళ్లీ నిలబెట్టే చేతులున్నాయి. మన దగ్గర నైపుణ్యానికి లోటు లేదు. కరువైంది కాగితం. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బీమా కంపెనీలు తుక్కు కింద రాసిన బండికి ఏ, బీ, ఎస్, ఎన్ అని తరగతి వేస్తున్నాయి. ఏ, బీ బండ్లు మళ్లీ రోడ్డెక్కకూడదు. ఎస్ అంటే బాడీ చట్రానికే దెబ్బ తగిలినట్టు. అమెరికాలో బండి హక్కు పత్రం మీదే రీబిల్ట్ అని ముద్ర పడుతుంది. అక్కడ చదువుకునే మన పిల్లలు కొందరు తెలిసే అలాంటి కారు తక్కువ ధరకి కొంటారు. బేరం అయ్యేముందే రెండు వైపులా నిజం తెలిసి ఉంటుంది. మన ఆర్సీలో ఆ గడి లేదు. ఇక వాడకానికి పనికిరాని బండి సంగతి యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకి చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. రద్దు కాకుండా తుక్కుతోపాటు చేతులు మారిన ఆర్సీ, దొంగబండికి ముసుగుగా పనికొస్తుంది. ఛాసిస్ నంబరు చెరిపి కొట్టడం అక్కడే మొదలవుతుంది.

టోటల్ లాస్ రాసిన రోజే బీమా కంపెనీ ఆ నంబరు రవాణా శాఖకి పంపి, ఆర్సీలో ఎక్కించే ఏర్పాటు రావాలి. మా బావ తన మట్టుకు ఏ సామాను మార్చాడో, ఐమూల కొలతలు ఎంత వచ్చాయో కాగితం మీద రాసి, సంతకం పెట్టి కొనేవాడికి ఇస్తాడు. దానివల్ల ధర తగ్గుతుంది. అయినా బాసగూడ వైపు వాళ్లు ఆయన దగ్గరికే వస్తారు.

ఆయన దగ్గర కొనలేని వాళ్లు ఒక పని చేయొచ్చు. అమ్మేవాణ్ణి పాత ఇన్సూరెన్స్ పాలసీలు చూపించమనండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45, ఐదేళ్లకి 50 దాకా పెరుగుతుంది. అది యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి బండి చేతులు మారినప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది. యజమాని మారకుండానే బోనస్ సున్నాకి పడిపోతే ఆ ఏడాది ఏం జరిగిందో అడగండి. పాలసీలు పోయాయంటే బండి నంబరు పట్టుకుని బీమా ఆఫీసులో విచారించాకే అడ్వాన్సు ఇవ్వండి.