బాయిల దుంకుడు నేర్పే కాకలు

పెద్దపల్లి పల్లెల్లో ఎండాకాలం సెలవులొస్తే వ్యవసాయ బావుల దగ్గర పిల్లల గోల మొదలవుతుంది. ఈత నేర్పేది కోచ్ కాదు. వరుసకు కాకో, మేనమామో. వెనకట నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవారు, ఇప్పుడు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు, లారీ ట్యూబులు. జీతం లేని పనే గానీ, నేర్పు లేని పని కాదు.

ఈత వచ్చిన పిల్ల కూడా గడ్డ మీద నిలబడి కిందికి చూస్తే బిగుసుకుపోతుంది. "కాకా, భయమైతాంది!" నీళ్లలో ఉన్న కాక నవ్వడు, తొందరపెట్టడు. నీళ్లకు దగ్గరి మెట్టు మీద కూర్చోబెట్టి, చేతులు చెవులకు ఆనించి ముందుకు చాపమంటాడు. "గదువ ఛాతికి పెట్టు బిడ్డా, తల లేపకు." కిటుకంతా అక్కడే ఉంది. భయం తలను పైకి లేపుతుంది. తల లేచిందా, పొట్ట నీళ్లకు చప్పున తగిలి మంట. కూర్చుని జారడం వచ్చాక మోకాలి మీద, ఆ తర్వాతే నిలబడి. వెనక నుంచి నెట్టేసేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో అది నేర్పడం కాదు.

మంచి గురువు మోటరు బంద్ చేయించి, ముందు తనే మునిగి లోతు చూస్తాడు, అడుగున పైపో రాయో ఉందేమోనని. గోదావరిఖని దగ్గర నదిలో, నీళ్లు నిండిన క్వారీ గుంతల్లో ఆ భరోసా ఉండదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మీ ఊళ్లో అలాంటి కాక ఉంటే ఈ వేసవిలో పిల్లల్ని అప్పగించండి. మీరూ గట్టు మీదే ఉండండి.