మైకు దగ్గరికి కృష్ణుడు, గాయకుడి దగ్గరికి మైకు

పద్యనాటకంలోని రాయబార ఘట్టంలో కృష్ణుడు పద్యం ఎత్తుకునే ముందు రెండడుగులు ముందుకు వేస్తాడు. అవి తిరుపతి వేంకట కవులు రాసిన అడుగులు కావు, వేదిక అంచున నిలబెట్టిన మైకు వేయించిన అడుగులు. ఆయన రాగం తీసి, వన్స్‌మోర్లు అందుకుని, వెనక్కి జరిగితే గానీ దుర్యోధనుడు ముందుకు రాడు. భీష్ముడూ కర్ణుడూ అశ్వత్థామా అందరూ కొలువు తీరినా మైకులు మాత్రం రెండో మూడో.

కర్ణాటక కచేరీలో ఏర్పాటు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఎవరూ కదలరు. మైకే మనిషి దగ్గరికి వస్తుంది. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు, ఘటానికి ఒకటి, తంబురాకి ఒకటి. మొత్తం ఆరు. పైగా ఎవరి పాట వాళ్ళకు వినపడటానికి ఒక్కొక్కరి ముందూ ఒక మానిటర్ బాక్సు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మొదటిది లేమి, రెండోది కలిమి అనిపిస్తుంది. చెవి ఆ లెక్క ఒప్పుకోదు. మైకులెన్ని, బాక్సులెన్ని అన్నది దానికి పట్టదు. ఒక గొంతు తన దాకా ఎన్ని దారుల్లో వచ్చిందన్నదే దానికి కావాలి.

ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే సుమారు 34 సెంటీమీటర్ల దూరానికి ఒక మిల్లీసెకను. ఒకే గొంతు రెండు మైకుల్లో ఇంచుమించు సమానంగా, కానీ ఒక మిల్లీసెకను తేడాతో పడిందనుకుందాం. మిక్సింగ్ బోర్డులో ఆ రెండూ కలిసినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒక అల లేస్తుంటే రెండోది పడుతూ ఉంటుంది. రెండూ చెల్లుకు చెల్లు. 1500 దగ్గరా, 2500 దగ్గరా ఇదే కథ. నడుమ 1000, 2000 దగ్గర మాత్రం ఒకదానికొకటి తోడై పొంగుతాయి. గొంతు దువ్వెన పళ్ళలా చీలిపోయి, ఖాళీ పీపాలో తలపెట్టి పాడినట్టు వినిపిస్తుంది. మైకు పాడైందని గొణుక్కుంటాం గానీ, నిజానికి పని చేయకూడనిచోట రెండు మైకులూ చక్కగా పని చేయడమే అక్కడి లోపం.

దీనికి సౌండువాళ్ళు పాటించే సూత్రం ఒకటుంది. నోటికీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ కనీసం దానికి మూడింతలు ఉండాలి. పద్యనాటకం ఈ పరీక్షలో తెలియకుండానే నెగ్గుతుంది. కృష్ణుడి నోరు మైకుకి జానెడు దూరంలో ఉండి, రెండో మైకు రెండు మీటర్ల అవతల ఉంటే, ఆ పక్క మైకులో పడే ఆయన గొంతు లెక్కలోకి రానంత పలచన. అదే నటుడు అభినయం మీద మోజుతో రెండు మైకుల నడుమ, రెండడుగులు వెనక్కి నిలబడి తల తిప్పుతూ పాడితే సరి, తల తిరిగినప్పుడల్లా గొంతు రంగు మారిపోతుంది.

కచేరీలో ఈ చిక్కు కూర్చున్నచోటే ఉంటుంది. మృదంగం నాదం గాయకుడి మైకులోకి మీటరు దూరం ఎక్కువ నడిచి, మూడు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కలయికలో దెబ్బతినేవి 170, 510, 850 హెర్ట్జ్ ప్రాంతాలు. మృదంగపు నిండుతనమంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. 'మృదంగం తేలిపోతోంది' అని ముందు వరుస నుంచి చేయి లేస్తుంది. బోర్డు దగ్గర పెంచుతారు. అది విని వయొలిన్ విద్వాంసుడు తన మానిటర్ పెంచమని సైగ చేస్తాడు. ఆ బాక్సు మోత మళ్ళీ గాయకుడి మైకులో పడుతుంది. చివరికి మైకు కూత పెడుతుంది. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మనకున్న వెసులుబాటు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి ఆరయ్యేసరికి దాదాపు 8 పోతాయి. అంటే మైకు చేర్చిన ప్రతిసారీ మిగతా మైకుల బలం కొంత కోసుకున్నట్టే.

అలాగని నాటకానికి పట్టం కట్టలేం. మంద్రస్థాయిలో గుసగుసలాడే సంగతి చివరి వరుస దాకా అందేది కచేరీలోనే. పద్యం మాత్రం మైకు లేని రోజుల నాటి పైస్థాయి అలవాటును ఇంకా వదులుకోలేదు. ఇక వీధి పొడుగునా స్తంభాలకు కట్టే లౌడ్‌స్పీకర్ గొట్టాల సంగతి సరేసరి. వంద మీటర్ల ఎడంతో ఉన్న రెండు గొట్టాల్లో ఒకదాని కింద నిలబడితే, రెండోదాని మాట మూడో వంతు సెకను కంటే కాస్త తక్కువ ఆలస్యంతో వచ్చి పడుతుంది. ముప్ఫై, నలభై మిల్లీసెకన్లు దాటితే చెవి దాన్ని వేరే మాటగానే లెక్కిస్తుంది. కృష్ణుడు ఒక్కడే అయినా పద్యం ఇద్దరు పాడినట్టుంటుంది. మంచి హాల్లో ఇలా కాదు. వెనక బాక్సులకు ధ్వనిని కావాలనే ఆలస్యం చేసి పంపి, వేదిక నుంచి వచ్చే గొంతుతో కలుపుతారు.

నాటకం కూడా ఇప్పుడు కచేరీ దారి పట్టింది. కాలర్ మైకులొచ్చినచోట కృష్ణుడికి ఆ రెండడుగులతో పని లేకుండా పోయింది. కానీ ఆయన ధర్మరాజును కౌగిలించుకున్న క్షణాన ఇద్దరి గొంతులూ ఇద్దరి మైకుల్లోనూ దాదాపు సమానంగా పడతాయి. సరిగ్గా ఆ ఆత్మీయ సన్నివేశంలోనే మాట పీపాలోకి దిగుతుంది. మెలకువ ఉన్న ఆపరేటర్ అయితే కౌగిలి విడేదాకా ఒక మైకు కట్టేస్తాడు.

ధ్వనులు ఒకదాన్నొకటి చంపుకునే ఈ గుణాన్నే ఆయుధం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1974లో అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 'వాల్ ఆఫ్ సౌండ్' పేరుతో స్పీకర్ల గోడను తమ వెనకే నిలబెట్టుకుంది. ఎదురుగా మైకులుంటే కూత రావాలి కదా? ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు పెట్టి, ఒకదాన్ని రెండోదానికి వ్యతిరేకంగా కలిపారు. వెనక గోడ మోత రెండింట్లోనూ సమానంగా పడి చెల్లిపోయేది. గాయకుడు ఒక్కదానికే పెదవులానించి పాడాలి. కాస్త జరిగితే ఆ మోతతోపాటు తన గొంతూ చెల్లిపోతుంది. ఎంత ఘనమైన ఏర్పాటైనా చివరికి మనిషిని మైకుకి కట్టేసే తీరింది.

కాబట్టి రెండు వేదికల తేడా మైకుల సంఖ్యలో లేదు, వంతుల్లో ఉంది. నాటకంలో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళే ముందుకొస్తారు, మిగతావాళ్ళు దూరంగా ఉంటారు. కచేరీలోనూ వంతులున్నాయి గానీ మైకులకు ఆ సంగతి తెలియదు. రాగాలాపన సాగినంతసేపూ మృదంగం మైకులు రెండూ, ఘటం మైకు ఒకటీ పనేమీ లేకుండా తెరుచుకునే ఉంటాయి, గాయకుడి గొంతునే దొంగతనంగా అందుకుంటూ. ఆ మూడూ కట్టేస్తే తెరిచినవి సగమవుతాయి, 3 డెసిబెల్స్ వెనక్కి వస్తాయి. మృదంగం, ఘటం మాత్రమే మోగే తని ఆవర్తనంలో గాత్రం, వయొలిన్ మైకులకూ ఇదే న్యాయం. కొత్త సామాను కొనక్కర్లేదు. కృష్ణుడు పాడుతున్నంతసేపూ దుర్యోధనుడు వెనక్కి తగ్గి నిలబడే ఆ మర్యాదను, కచేరీలో బోర్డు దగ్గర కూర్చున్నవాడి వేళ్ళు పాటిస్తే చాలు.