పాత దేవదాసు మీద నేరం మోపొద్దు

1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ చేసిన 'దేవదాసు' ఎందుకు ఆడలేదంటే తెనాలిలోనైనా, రేపల్లె, బాపట్లల్లోనైనా తరచూ వినిపించే జవాబు ఒకటే: అక్కినేని పాత 'దేవదాసు'ను అప్పుడే మళ్లీ విడుదల చేశారు, రంగుల బొమ్మను నలుపు తెలుపు బొమ్మ మింగేసింది. ఆ మాట జరిగింది చెబుతుంది గానీ ఎందుకు జరిగిందో చెప్పదు. 'దేవదాసు'కు మూలమైన శరత్ నవలను తెలుగు చేసిన చక్రపాణి తెనాలివాడు. హీరో ఆ పక్కనే ఉన్న బుర్రిపాలెం బిడ్డ. కథా మనదే, కథానాయకుడూ మనవాడే అయినా ఆ రెంటికీ పొసగలేదు.

చిక్కు నవల స్వభావంలోనే ఉంది. దేవదాసు ఏదీ చేయలేకపోయిన మనిషి. తండ్రిని ఎదిరించడు, ప్రేమించిన పార్వతి అర్ధరాత్రి గడప దాటి వచ్చినా చేయి అందుకోడు. కృష్ణ ఇమేజ్ దీనికి పూర్తిగా ఎదురు. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో గుర్రమెక్కిన కౌబాయ్ ఆయన. 'దేవదాసు'కు కొన్ని నెలల ముందే 'అల్లూరి సీతారామరాజు'గా తెల్లవాళ్ల తుపాకులకు ఎదురు నిలిచారు. అలాంటివాడు తాగి కుమిలిపోతుంటే ప్రేక్షకుడికి జాలి పుట్టదు, లేచి ఏదో ఒకటి చెయ్యవేం అన్న విసుగు పుడుతుంది. విసుగు పుట్టాక ఈ కథలో ఇంకేమీ మిగలదు.

నవలలే కృష్ణకు నప్పవందామా? 1973లో కృష్ణ, విజయనిర్మల జంటగా, ఆమె దర్శకత్వంలోనే యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ను తీస్తే జనం ఆదరించారు; అందులో హీరో సేద్యాన్ని నమ్ముకుని, తన కాళ్ల మీద తాను నిలబడ్డ పల్లెటూరి యువకుడు. అక్కినేని కూడా 'బాలరాజు', 'కీలుగుర్రం' లాంటి జానపదాల నుంచే వచ్చారు కదా అంటారు. నిజమే, కానీ 1953లో పాత 'దేవదాసు' నాటికి ఆయన ఇమేజ్ ఇంకా పచ్చిమట్టి. నవల మలిచినట్టల్లా ఒదిగింది. రెండు సినిమాల మధ్య ఎడం చాల్లేదన్న వాదనా నిలవదు. హిందీలో 1936లో బారువా తీసిన 'దేవదాస్'కు ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్, దాదాపు ఇరవై ఏళ్లకే తాను మళ్లీ తీసి క్లాసిక్ అనిపించుకున్నారు. దిలీప్‌కుమార్ అప్పటికే విషాద నాయకుడు కావడం ఆయనకు కలిసొచ్చింది.

పేరున్న నవల కొనే నిర్మాత, కథ జనానికి ముందే తెలిసుండటం బలమనుకుంటాడు. తెలిసిన కథ కాబట్టే ముగింపు మార్చలేడు, పిరికి పాత్రకు ధైర్యం నూరిపోయలేడు. కొత్త కథైతే పాత్రను స్టారుకు తగ్గట్టు రాసుకోవచ్చు. ఇక్కడ స్టారే పాత్రకు తగ్గాలి. ఆ సంగతి ముందు తేల్చుకోకుండా రంగుల మీద, సెట్ల మీద ఎంత పోసినా అది పాత సినిమాకు ప్రచారం చేసిపెట్టడమే అవుతుంది.