చేర్యాల పటచిత్రం – చట్టరక్షణ: ఒక విమర్శ

పూర్వపు వరంగల్ జిల్లాలోని చేర్యాల (2016 నుంచి సిద్దిపేట జిల్లా) నకాషీ పటచిత్రాలకు ప్రసిద్ధి. భౌగోళిక సూచికల చట్టం, 1999 కింద వీటికి గుర్తింపు లభించింది. ఈ రక్షణకున్న పరిధిని మీరు గమనించాలి. ఈ చట్టం ప్రధానంగా కాపాడేది ‘చేర్యాల’ అనే పేరును. ఎక్కడో యంత్రంపై అచ్చువేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మితే ఉల్లంఘన అవుతుంది. పేరు వాడకుండా శైలిని అనుకరిస్తే ఈ చట్టంతో అడ్డుకోవడం కష్టం. కాపీరైట్ చట్టం, 1957 చిత్రకారుడు గీసిన నిర్దిష్ట చిత్రానికి అతని జీవితకాలం, ఆపై 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. తరతరాల శైలికి అది వర్తించదు.

అసలు లోపం మరొకటుంది. ఈ పటాలను కాకిపడగల, కూనపులి వంటి కథకులు ఊరూరా కులపురాణం చెప్పడానికి గీయించుకునేవారు. పటం, కథ కలిస్తేనే ఆ కళ. చట్టం ఆ రెండింటినీ విడదీసి చూస్తుంది. కథకునికి 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉన్నా, అది అతని ప్రదర్శనకే పరిమితం; వంశపారంపర్యంగా వచ్చిన కథకు కాదు.

కాబట్టి ఈ గుర్తింపును సంపూర్ణ విజయంగా భావించలేం. అంగట్లో బొమ్మకు పేరు దక్కింది. దాన్ని చూపి కథ చెప్పే గొంతుకు ఎలాంటి హక్కు అవసరమో మీరు ఆలోచించండి.