మంచి సాయిబు

సినిమాల్లో ముస్లిం పాత్రల గురించి మాట్లాడేటప్పుడు మనకు రెండే మాటలు అలవాటు. మమ్మల్ని చెడ్డగా చూపించారు అన్నది ఒకటి. మమ్మల్ని మంచిగా చూపించారు అన్నది రెండోది. మొదటిదానికి కోపం, రెండోదానికి చప్పట్లు. చెడ్డగా చూపించిన సినిమాల లెక్క తీయడానికి పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదు. కష్టమంతా రెండో లెక్కతోనే. మనం ప్రేమించిన సినిమాలు, ఇంటా బయటా వెనకేసుకొచ్చిన సినిమాలు, లౌకిక మిత్రులతో కలిసి భుజాన మోసిన సినిమాలు... వాటి గురించి మనసు ఎందుకు మారుతోందో చెప్పుకోకపోతే మన విమర్శ సగంలోనే ఆగిపోతుంది.

ఆ ప్రేమ ఊరికే పుట్టలేదు. అది కరువులో పుట్టిన ప్రేమ. చాలాకాలం తెలుగు తెర మీద సాయిబు అంటే నవ్వించడానికి వచ్చి వెళ్లేవాడు. లుంగీ, టోపీ, గడ్డం, ఖూనీ అయిన తెలుగు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ముస్లింలు ఇరుగుపొరుగు మాట్లాడే తెలుగే మాట్లాడతారని, దూదేకుల ఇళ్లలో ఇంటిభాషే తెలుగని మన రచయితలకు తెలియదా? తెలుసు. తెలిసినా తెరకు అక్కర్లేదు. అలాంటి కరువులో ఒక్క మనిషి నిటారుగా నిలబడి మాట్లాడితే చాలు, మనవాడనిపించేది.

'జంజీర్'ను తెలుగులో తీసిన 'నిప్పులాంటి మనిషి' 1974లో వచ్చింది. అందులో షేర్‌ఖాన్‌గా సత్యనారాయణను చూసి పొంగిపోని సాయిబుల ఇల్లు లేదేమో. పఠాన్, పౌరుషం, ప్రాణమిచ్చే స్నేహం. 'అమర్ అక్బర్ ఆంథోనీ' 1977లో వస్తే దాని తెలుగు రూపం 'రామ్ రాబర్ట్ రహీమ్' 1980లో వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు, మూడు మతాలు. ఆ కథలో ఒక చిన్న సంగతి ఉంది. అక్బర్ పెరిగింది ముస్లిం ఇంట్లోనే గాని పుట్టింది హిందూ తల్లిదండ్రులకు. దేశమంతా నెత్తిన పెట్టుకున్న ఆ ముస్లిం కుర్రాడి కథ రక్తసంబంధం దగ్గరకు వచ్చేసరికి మళ్లీ హిందూ ఇంటికే చేరుతుంది. చిన్నప్పుడు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టాల్సిన పనీ లేదు. అప్పటికి ఆ సినిమా మన దగ్గర ఏ రుజువూ అడగలేదు. హీరోకు స్నేహితుడిగా ఉంటే చాలు.

అడగడం తర్వాత మొదలైంది.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. పుట్టుకతోనే అనుమానితుడైన మనిషి గొంతు అందులో తొలిసారి అంత సూటిగా వినిపించింది. మరుసటి ఏడాది, 1992 ఆగస్టులో, మణిరత్నం 'రోజా' విడుదలైంది. నాలుగు నెలలు తిరక్కముందే బాబ్రీ మసీదు కూలింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అప్పట్లో చాలామందికి తోచలేదు. 'రోజా' అంటే కొత్త వెలుగు, కొత్త సంగీతం. రెహమాన్ అనే పేరును ప్రతి తెలుగింట్లో పలికించిన సినిమా అది. ఆ ఒక్క కారణానికే మన ఇళ్లలో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ సినిమాలో అందరూ చెప్పుకునే దృశ్యం ఉంది. కాశ్మీరు మిలిటెంట్లు జెండాను తగలబెడతారు. బందీగా ఉన్న రిషికుమార్ మంటల మీద పడి దాన్ని ఆర్పుతాడు. ఆ మంటల మధ్యలో మాటిమాటికీ కనిపించేది లియాఖత్ నమాజు. అక్కడ ఎవరూ మతం గురించి ఒక్క మాటా అనరు. అనాల్సిన అవసరం లేదు. ఒకవైపు కాలుతున్న జెండా, మరోవైపు సజ్దాలో ఉన్న నుదురు. కత్తిరింపే మాట్లాడింది. థియేటర్లో ఈలలు ఆ రెండు బొమ్మల కలయికకే పడ్డాయి. అప్పటికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న తేజస్విని నిరంజన 1994లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఈ సినిమా ఏకం చేస్తున్నది ఎవరి దేశాన్ని అని నిలదీశారు. పెద్ద చర్చే నడిచింది. అయితే ఆ చర్చ ఇంగ్లీషులో నడిచింది. పాట మాత్రం తెలుగులో మోగింది.

1995లో 'బొంబాయి' వచ్చింది. ఈసారి సమర్థన ఇంకా గట్టిది. శివసేన అభ్యంతరం చెప్పింది, ముస్లిం సంస్థలూ అభ్యంతరం చెప్పాయి, దర్శకుడి ఇంటి మీద బాంబులు విసిరారు. ఇద్దరూ తిట్టారు కాబట్టి సినిమా నిష్పాక్షికం అనే సూత్రం అప్పుడు చాలా పనిచేసింది. ఆ సూత్రాన్ని ఇప్పుడు తిరగేసి చూడాలి. సినిమాలో అల్లర్లన్నీ తూకం వేసినట్టు నడుస్తాయి. ఇటో నాయకుడు, అటో నాయకుడు. ఇటో శవం, అటో శవం. చివరికి అందరూ చేయీ చేయీ కలుపుతారు. 1998లో బయటికొచ్చిన జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ నివేదిక ప్రకారం 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో చనిపోయినవాళ్లు 900 మంది. వారిలో ముస్లింలు 575, హిందువులు 275. ఈ లెక్క సినిమా తర్వాత వచ్చిన మాట నిజమే. కాని లెక్క వచ్చాక కూడా ఆ తూకాన్నే మెచ్చుకుంటూ కూర్చోగలమా? రెండు పళ్లేలూ సమంగా చూపించడం న్యాయమని పేరు పడింది. ఒక పళ్లెంలో బరువు ఎక్కువున్నప్పుడు సమంగా చూపించాలంటే ఎవరో ఒకరు ముల్లు పట్టుకోవాలి.

ప్రేమకథ సంగతీ అంతే. అబ్బాయి హిందువు, అమ్మాయి ముస్లిం. గాలికి ముసుగు తొలగి షైలాబాను ముఖం కనబడుతుంది. చూడటానికి అందంగా ఉంది, ఇప్పటికీ ఉంది. అదే కథలో అబ్బాయి పేరు బషీర్, అమ్మాయి పేరు లక్ష్మి అయితే 'సామరస్య చిత్రం' అనిపించుకునేదా? 2020లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మతమార్పిడుల మీద ఆర్డినెన్సు తెచ్చాక ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది.

కృష్ణవంశీ 'ఖడ్గం' 2002 నవంబరులో వచ్చింది. గుజరాత్ కాలిన సంవత్సరం అది. నేను డిగ్రీ చదువుతున్న రోజులు. మన సంఘాల వాళ్లు సినిమాను తప్పుపడితే, మాలో కొందరం ముస్లిం కుర్రాళ్లం ఇరానీ హోటళ్లలో కూర్చుని దాన్ని సమర్థించాం. మా వాదన సూటిగానే ఉండేది. అమ్జద్ కమెడియన్ కాదు, విలన్ కాదు, ఆటో నడుపుకుని గౌరవంగా బతికే మనిషి. ప్రకాష్‌రాజ్ ఆ పాత్రకు ప్రాణం పోశాడు. ముస్లిం అయితే చాలు అనుమానించే పోలీసు అధికారిని సినిమా తప్పుపడుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ వాదనలో అబద్ధం లేదు. ఇరవై ఏళ్లు దాటాక అది చాలడం లేదు, అంతే. అనుమానించినవాడికి ఒక కారణం ఉంది, ఒక దుఃఖం ఉంది, ఒక గతం ఉంది. అమ్జద్‌కు ఉన్నది పరీక్ష. తమ్ముడు అజహర్ ఉగ్రవాదిగా తిరిగొస్తాడు. అన్న దేశం వైపు నిలబడి నెగ్గాలి. పోలీసు అధికారి మారడానికి అమ్జద్ తన ఇంటినే పణంగా పెట్టాలి. ఉర్దూ గజల్లో వఫా అంటే ప్రేమించినవాడు తనంత తాను ఇచ్చుకునే మాట. ఈ సినిమాల్లో అది ఠాణాలో రాసిచ్చే వాంగ్మూలం అయింది. చెడ్డ సాయిబు లేకుండా మంచి సాయిబు పుట్టడు. ఒకే ఇంట్లో ఇద్దర్నీ పెట్టి, ఒకడు చస్తే గాని రెండోవాడు బతకడని చెప్పే కథకు సామరస్యమని ఎలా పేరు పెట్టాలి?

రెండు భాషల్లో రాసేవాడిగా ఒక సంగతి చూస్తూ వచ్చాను. ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా ఉర్దూ పేజీలో ప్రశ్న ఒకటే: మన తౌహీన్ జరిగిందా లేదా? తెలుగు పేజీలోనూ ఒకటే: సామరస్యానికి మేలా కీడా? అవమానం, ఆదర్శం. ఈ రెండింటి మధ్య ఆ పాత్ర ఏం తింటుంది, అద్దె ఎంత కడుతుంది, కూతురి చదువు సంగతేమిటి అని అడిగే చోటు లేదు. నిషేధించమన్నవాళ్లను ఎదిరించడం ఒక పని, సినిమాను మెచ్చుకోవడం ఇంకో పని. లౌకిక మిత్రులు ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టారు, మనమూ మోశాం. మూట విప్పినా మొదటి పని వదలాల్సిన అవసరం లేదు. 'బొంబాయి'ని ఆపమంటే ఇవాళ కూడా ఒప్పుకోకూడదు.

ఎం.ఎస్. సత్యు తీసిన 'గరమ్ హవా' చూస్తే తేడా తెలుస్తుంది. దేశ విభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడుపుకునే సలీం మిర్జా. అప్పు పుట్టదు. అద్దెకు ఇల్లు దొరకదు. గూఢచారి అని కేసు పెడతారు, అది నిలవదు. పేరు వింటేనే మొహం తిప్పుకునే ఇళ్లవాళ్లు, షావుకార్లు, వీళ్లు తెర మీద మన ముందు నిలబడి జవాబు చెప్పాలి. బల్‌రాజ్ సాహ్ని మిర్జా సాహెబ్ ఎవరికీ ఏమీ నిరూపించడు. నడుస్తాడు, అలసిపోతాడు, కూతుర్ని పోగొట్టుకుంటాడు. చివరికి ఊరు వదిలి వెళ్తూ ఊరేగింపులో కలిసినా, కలిసేది పని కోసం, కూడు కోసం అరుస్తున్న జనంలో. ఇంకో విచిత్రం చూడండి. 'గరమ్ హవా', 'రోజా', 'బొంబాయి' మూడింటికీ వచ్చింది జాతీయ సమైక్యతా చిత్రమనే జాతీయ అవార్డే. మొదటిది సమైక్యత గురించి దేశాన్ని అడిగింది. తర్వాతి రెండూ మనల్ని అడిగాయి.

2018లో మలయాళంలో వచ్చిన 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' ఇంకా ముందుకు వెళ్లింది. మలప్పురం ఊళ్లో ఫుట్‌బాల్ టీమ్, ఇద్దరు ముసలి అమ్మలు, గాయపడ్డ ఒక పరదేశి ఆటగాడు. వాళ్ల మంచితనానికి ఎదుట చెడ్డ సాయిబు ఎవరూ అక్కర్లేకపోయాడు. తెలుగులో అలాంటి ముసలమ్మలు లేరా? కర్నూల్లో, కడపలో, వరంగల్లో ప్రతి గల్లీలో ఉన్నారు. తెర మీదే లేరు.

'కాశ్మీర్ ఫైల్స్', 'కేరళ స్టోరీ' లాంటివి హాళ్లు నింపిన కాలంలో పాత మంచి సినిమాల మీద ఈ రాద్ధాంతం ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కనీసం వాళ్లు కలుపుకుపోవాలని చూశారు కదా అంటున్నారు. చూశారు. వాళ్ల ఉద్దేశాలను శంకించడం లేదు. కాని నిరూపించుకో అనే మాట ఈ దేశంలో మొదట మంచి పాటతో, మంచి కెమెరాతో, మంచి మనుషుల నోట వినిపించింది. అందుకే అది మర్యాదైన మాటగా చెలామణి అయింది. ఇవాళ అదే మాటను మొరటుగా అడుగుతున్నవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. వాళ్లు పాటను తీసేశారు, అంతే.

ఆ పాటలు ఇప్పటికీ వింటాం. షేర్‌ఖాన్‌ను చూస్తే ఇప్పటికీ మీసం మెలేయాలనిపిస్తుంది. ప్రేమను వెనక్కి తీసుకోమని ఎవరూ అనడం లేదు. వెనక్కి తీసుకోవాల్సింది మన వకాల్తాను. ఇకమీద మంచి సాయిబును చూపించాం కదా అని ఎవరైనా అంటే మన జవాబు ఒకటే ఉండాలి. మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ సాయిబుకు ఒక ఇల్లు, ఒక పని, ఇంట్లో అమ్మీతో ఒక పోట్లాట ఇవ్వండి. దేశభక్తి ఊసెత్తకుండా రెండున్నర గంటలు బతకనివ్వండి.