పేరు పోగొట్టుకొన్న స్త్రీ కథ

కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో వెలువరించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ అను నవలను కేవలము భయంకరమైన ఊహగా చదువువారు కలరు. చరిత్రలో ఎక్కడనో ఒకచోట జరుగని దానిని తన నవలలో చేర్చరాదని రచయిత్రి నియమము పెట్టుకొన్నది. కావున దీనిని హెచ్చరిక అనుటయే యుక్తమని మా అభిప్రాయము.

అమెరికాలో ప్రజాప్రభుత్వమును కూలద్రోసి గిలియడ్ అను మతరాజ్యము ఏర్పడును. సంతానము అరుదైన ఆ కాలమున, గర్భధారణకు యోగ్యలైన స్త్రీలను బిడ్డలను కనుటకై పాలకుల యిండ్లలో పరిచారికలుగా ఉంచుదురు. బైబిలులో రాహేలు తన దాసి బిల్హాను భర్తకిచ్చిన కథ వారికి ప్రమాణము. కథ చెప్పు స్త్రీని ‘ఆఫ్‌రెడ్’ అందురు. అనగా ఫ్రెడ్ అనువానికి చెందినది. ఇల్లు మారినచో పేరును మారును.

పరిచారికల ఎఱ్ఱని వస్త్రములనే పలువురు పాఠకులు జ్ఞాపకముంచుకొందురు. మాకు అంతకంటె ముఖ్యముగా తోచినది ఆ స్థితికి దారితీసిన క్రమము. ఒక్క దినమున స్త్రీల ఖాతాలు స్తంభించును, ఉద్యోగములు పోవును, సొమ్ముపై అధికారము భర్తకో, దగ్గరి మగబంధువుకో సంక్రమించును. ఆమె భర్త దుర్మార్గుడు కాడు. తాను చూచుకొందునని ఓదార్చును. అయినను ఈ మార్పు అతనికి బాధగా లేదేమోనని ఆమెకు సందేహము కలుగును. పిదప అక్షరమును పోవును. స్త్రీలు చదువరాదు, అంగళ్ల పేర్లు సైతము తొలగించి బొమ్మలు మాత్రము నిలుపుదురు.

కథానాయిక తిరుగబడదని కొందరు ఆక్షేపింతురు. వీరవనితను కాక సామాన్య స్త్రీని చూపుటచేతనే నవల మనలను తాకుచున్నదని మేము తలంతుము. అయితే ఒక కొఱత కలదు. ఇందలి కష్టములలో అనేకము అమెరికాలో బానిసలైన నల్లజాతి స్త్రీలు నిజముగా అనుభవించినవి. నవలయో, ఆ జాతివారిని దూరప్రాంతములకు తరలించిరని ఒక వార్తగా చెప్పి ఊరకున్నది.

ఈ హెచ్చరిక వృథా కాలేదు. 2021లో ఆఫ్ఘనిస్థానమున అధికారమునకు వచ్చిన తాలిబన్లు బాలికలకు ఉన్నత పాఠశాలల తలుపులు మూసిరి. 2022లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము గర్భస్రావపు హక్కునకు గల రాజ్యాంగరక్షణను తొలగించెను.

నవల చివర 2195లో ఒక పండితసభ జరుగును. ఆమె కథ వ్రాతగా కాక, టేపులపై గొంతుగా దొరకినది. వక్తయైన ఆచార్యుడు ఛలోక్తులు విసరుచు, ఆమె యజమాని ఎవరైయుండునని శ్రద్ధగా పరిశోధించును. ఆమె అసలు పేరు మాత్రము తేలదు. నవలలో మిక్కిలి కఠినమైన ఘట్టము ఇదియే. గిలియడ్ నశించిన పిమ్మటను ఆమె మాటను నిజముగా వినువారు కనబడరు.

ఇది మనకును తగులును. బడిలో తెలుగు లేనిచోట మన యిండ్లలో దానిని నిలిపినది చాలవరకు తల్లుల, అమ్మమ్మల నోటిమాటయే. మన వంశవృక్షములలో వారి పేర్లు ఎన్ని యున్నవి? తెలిసిన పెద్దలుండగనే ఆ పేర్లను అడిగి వ్రాసికొనవలసినదని మా మనవి.