పొదిలో కత్తి

గడ్డం గీయడం అందరికీ కనిపించే పని. కత్తిని కాపాడుకోవడం ఎవరూ చూడని పని. పాతకాలపు క్షురకుల నేర్పు నాకు ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఆ కత్తులు ఎక్కువగా స్టెయిన్‌లెస్ కాని ఉక్కువి. నీళ్లు, సబ్బు నురగ, చెమటలోని ఉప్పు ఏ కాస్త మిగిలినా తుప్పు ముందు తినేది పదునునే. అంచు అంత పల్చన మరి. అందుకే పని కాగానే కడిగి, వీపు నుంచి అంచు వైపు పొడిగుడ్డతో తుడవాలి. పిడి సందులో దాగిన తడి గుడ్డకు అందదు. మడవకుండా కాసేపు గాలికి వదలాల్సిందే. ఆపైన పల్చగా నూనె. వంటనూనె వద్దు, జిగురు కడుతుంది. మెషీన్ నూనె మేలు. కోస్తా ఉప్పుగాలిలో ఇది అసలు తప్పించుకోలేని పని.

ఇక పదును నిలవాలంటే, తోలుపట్టీ మీద కత్తి వీపు ముందు, అంచు వెనక నడవాలి. మళ్లించేటప్పుడు కత్తి వీపు మీదే దొర్లాలి. అలా పట్టీ వాడేవాడికి సానరాయి అవసరం అరుదు. ఊరికే సాన పట్టేవాడు ఉక్కును అరగదీస్తున్నాడంతే!

తాతగారి జర్మన్ జోలింగెన్ కత్తి ఇంట్లో ఉంటే స్నానాలగదిలో గానీ, తోలు సంచిలో గానీ దాచకండి. పైపై తుప్పే అయితే పారేయకండి, పని తెలిసినవాళ్లకు చూపించండి.